సమ్మె తర్వాత బుల్లితెర పోరు: పాత అగ్రాసనాలకు భరోసా లేదు

టెలివిజన్ పరిశ్రమలో సమ్మె మొదలైనప్పుడు చర్చంతా వేతనాలు, పనిగంటల చుట్టూ సాగుతుంది. సమ్మె ముగియగానే ఆ చర్చ మరుగున పడుతుంది. కొత్త ఎపిసోడ్లు తిరిగి మొదలయ్యాక రేటింగుల పట్టికలో ఎవరు పైకి వస్తారు, ఎవరు కిందికి జారతారు అన్న ప్రశ్న ముందుకు వస్తుంది. వ్యాపార ప్రకటనలకు వెచ్చించే కోట్లాది రూపాయలు ఏ చానల్‌కు తరలాలో తేల్చేది ఆ పట్టికే కాబట్టి ఈ ఆసక్తి సహజం. సమ్మెకు ముందు అగ్రస్థానంలో ఉన్న చానలే తర్వాతా ముందుంటుందన్నది సాధారణంగా వినిపించే అంచనా. 2008 నవంబరులో ముంబయిని స్తంభింపజేసిన టెలివిజన్ కార్మికుల సమ్మె, 2020లో కరోనా కారణంగా షూటింగులు నిలిచిపోయిన వైనం ఈ అంచనా ఎంత బలహీనమైనదో రెండుసార్లు నిరూపించాయి.

ఎనిమిదేళ్ల ఆధిపత్యం

హిందీ వినోద చానళ్ల చరిత్రలో 2000 జూలై 3 ఒక మలుపు. స్టార్ ప్లస్ 'కౌన్ బనేగా కరోడ్‌పతి', 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' కార్యక్రమాలను ఆ రోజే ప్రారంభించింది. అదే ఏడాది అక్టోబరులో 'కహానీ ఘర్ ఘర్ కీ' వాటికి తోడైంది. అంతవరకు ముందున్న జీ టీవీ వెనుకబడింది. అత్తాకోడళ్ల కథలతో రాత్రివేళ ప్రేక్షకులను కట్టిపడేసిన స్టార్ ప్లస్ ఎనిమిదేళ్లపాటు తిరుగులేని స్థానంలో నిలిచింది.

2008 నాటికి ఆ కోటకు బీటలు పడ్డాయి. 2007 నవంబరులో నైన్ ఎక్స్, 2008 జనవరిలో ఎన్‌డీటీవీ ఇమాజిన్ రంగప్రవేశం చేశాయి. జూలై 21న వయాకామ్ 18 సంస్థ కలర్స్ చానల్‌ను ప్రారంభించింది. రాజస్థాన్ నేపథ్యంలో బాల్యవివాహాన్ని ఇతివృత్తంగా తీసుకున్న 'బాలికా వధు' తొలి రోజు నుంచే ఆ చానల్‌లో ప్రసారమైంది. తర్వాతి కాలంలో 'చిన్నారి పెళ్లికూతురు' పేరిట తెలుగు లోగిళ్లలోనూ ఆదరణ పొందిన ధారావాహిక ఇదే. సంపన్న కుటుంబాల కలహాలతో విసిగిన ప్రేక్షకులకు పల్లెటూరి కథ కొత్తగా తోచింది. మరోవైపు స్టార్ ప్లస్ మూలస్తంభాలు ఒక్కొక్కటిగా ఒరిగిపోయాయి. 'కహానీ ఘర్ ఘర్ కీ' అక్టోబరు 9న, 'క్యోంకీ' నవంబరు 6న ముగిశాయి. ఆ తర్వాత వారం తిరగకముందే సమ్మె వచ్చిపడింది.

ముగ్గురి మధ్య నలిగిన వేతనం

ముంబయి సినీ, టెలివిజన్ కార్మికుల సంఘాలకు ఫెడరేషన్ ఆఫ్ వెస్టర్న్ ఇండియా సినీ ఎంప్లాయీస్ ఉమ్మడి వేదిక. లైట్‌బాయ్‌ల నుంచి కెమెరా సిబ్బంది, మేకప్ కళాకారుల వరకు అనేక వృత్తులవారు దాని పరిధిలోకి వస్తారు. 2008 అక్టోబరు మొదటి వారంలోనే వీరు కొద్దిరోజులు పని నిలిపివేశారు. వేతనాల పెంపు, బకాయిల సకాల చెల్లింపు, పనిగంటల క్రమబద్ధీకరణ వారి ప్రధాన డిమాండ్లు. వివాదం సంపూర్ణంగా పరిష్కారం కాకపోవడంతో నవంబరు రెండో వారంలో ధారావాహికల నిర్మాణం పూర్తిగా ఆగిపోయింది.

ఈ వివాదంలో పైకి కనిపించేది కార్మికులు, నిర్మాతలే అయినా అసలు డబ్బు చానళ్ల చేతిలో ఉంటుంది. ధారావాహికకు ఎపిసోడ్‌కు ఇంత అని చానల్ ధర కడుతుంది. నిర్మాత ఆ మొత్తంలోనే సెట్టు, నటీనటులు, సిబ్బంది ఖర్చులన్నీ సర్దుకోవాలి. పనిచేసిన 90 రోజులకు గాని డబ్బు చేతికి రాని ఆనవాయితీ ముంబయి టెలివిజన్ రంగంలో పాతుకుపోయింది. రోజు కూలీపై బతికే కార్మికునికి మూడు నెలల నిరీక్షణ ఎంత దుర్భరమో చెప్పనక్కరలేదు. పైగా 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమాన్ బ్రదర్స్ కుప్పకూలడంతో మొదలైన ఆర్థిక సంక్షోభం ప్రకటనల రంగాన్నీ కలవరపెట్టింది. ఖర్చు పెంచడానికి ఎవరూ సిద్ధంగా లేని సమయంలో కార్మికులు పెంపు కోరవలసి వచ్చింది.

రోజువారీ ధారావాహికల్లో ఎపిసోడ్ల నిల్వ సాధారణంగా కొద్దిరోజులకే సరిపోతుంది. అందువల్ల షూటింగులు ఆగిన వెంటనే తెరపై పాత ఎపిసోడ్లు ప్రత్యక్షమయ్యాయి. నవంబరు 19న రాజీ కుదిరింది. మరునాడు షూటింగులు మొదలయ్యాయి. కొత్త ఎపిసోడ్లు మాత్రం డిసెంబరు 1 నుంచే ప్రసారమయ్యాయి. ఈ మధ్యలోనే నవంబరు 26న ముంబయిపై ఉగ్రవాదులు దాడి చేయడంతో దేశం దృష్టి యావత్తూ వార్తా చానళ్ల వైపు మళ్లింది. దాదాపు 3 వారాలపాటు హిందీ వినోద చానళ్ల వీక్షకులు తమ అలవాటుకు దూరమయ్యారు.

అలవాటే అసలు పెట్టుబడి

రేటింగుల లెక్కలో ఈ అలవాటుకు ఎనలేని ప్రాధాన్యం ఉంది. వారంలో ఒక చానల్ కార్యక్రమాలన్నింటికీ లభించిన రేటింగులను కూడితే ఆ చానల్ మొత్తం పాయింట్లు వస్తాయి. ఉదాహరణకు వారానికి ఐదు రోజులు వచ్చే ధారావాహికకు రోజుకు 4 చొప్పున రేటింగు లభిస్తే ఆ చానల్ ఖాతాలో 20 పాయింట్లు చేరతాయి. అలాంటివి ఐదు ఉంటే పాయింట్లు 100కు చేరతాయి. అంటే రాత్రి 8 నుంచి 11 గంటల మధ్య ఒకే చానల్‌ను వదలకుండా చూసే కుటుంబాలే చానల్‌కు అసలు పెట్టుబడి. 8 గంటల ధారావాహిక కోసం వచ్చిన ప్రేక్షకుడు రిమోట్ ముట్టకుండా 9 గంటల కథనూ చూస్తాడన్న నమ్మకంపైనే కార్యక్రమాల వరుస రూపొందుతుంది.

సమ్మె ఈ గొలుసును తెంపుతుంది. నష్టం అందరికీ ఒకే తీరుగా ఉండదు. ఏళ్ల తరబడి సాగుతున్న ధారావాహికను కొందరు ఇష్టంతో, మరికొందరు కేవలం అలవాటుతో చూస్తారు. 3 వారాల విరామం వస్తే రెండో వర్గం తిరిగి రావలసిన పని లేదు. కథ ఉత్కంఠభరిత దశలో ఉన్న కొత్త ధారావాహికల విషయం వేరు. వాటి ప్రేక్షకులు ఆగిపోయిన కథ కోసం ఎదురుచూస్తారు. కాబట్టి సమ్మెవల్ల పాతబడిన చానల్‌కే ఎక్కువ నష్టం.

డిసెంబరు 1 తర్వాత జరిగిన పరిణామాలు ఈ విశ్లేషణను బలపరుస్తున్నాయి. కొత్త ఎపిసోడ్లు మొదలైన ఆ రోజునే కలర్స్ 'ఉతరన్' అనే మరో ధారావాహికను రంగంలోకి దింపింది. ప్రేక్షకుడు టీవీ ముందుకు తిరిగివచ్చిన తొలి రాత్రే అతనికి కొత్త కథను పరిచయం చేసింది. ఆ ధారావాహిక ఆరేళ్లకు పైగా కొనసాగింది. స్టార్ ప్లస్ 2009 జనవరి 12న 'యే రిష్తా క్యా కెహలాతా హై'తో ప్రతిదాడి ప్రారంభించింది. ఆ ధారావాహిక చిరకాలం నిలిచినా అప్పటి ఎదురుగాలిని వెంటనే ఆపలేకపోయింది. 2009లో కలర్స్ వారపు పట్టికల్లో అగ్రస్థానానికి చేరుకుంది. స్టార్ ప్లస్ తన ధారావాహికలను, స్వరూపాన్ని మార్చుకుని 2010లో మళ్లీ ముందుకు రాగలిగింది.

ఇదంతా సమ్మె మహిమేనని చెప్పడం పొరపాటు. కలర్స్ ఎదుగుదల సమ్మెకు ముందే మొదలైంది. స్టార్ ప్లస్ పాత కథల ఆకర్షణా ముందే తగ్గింది. జరగబోయే మార్పును సమ్మె త్వరితం చేసిందనడమే సబబు. సమ్మె తర్వాత కొత్తవారందరికీ అవకాశం దక్కుతుందన్న వాదనా నిలవదు. నైన్ ఎక్స్ ధారావాహికల పోటీ నుంచి తప్పుకుంది. ఎన్‌డీటీవీ ఇమాజిన్ చేతులు మారి 2012లో మూతపడింది.

విరామకాలపు విజేతలు

సమ్మె కాలంలో లభించిన ఆధిక్యం నిలుస్తుందా అన్నది మరో ప్రశ్న. అమెరికాలో రచయితల సంఘం 2007 నవంబరు 5 నుంచి 2008 ఫిబ్రవరి 12 వరకు సమ్మె చేసింది. రచయితల అవసరం అంతగా లేని 'అమెరికన్ ఐడల్' వంటి పోటీ కార్యక్రమాలున్న ఫాక్స్ సంస్థ ఆ ఏడాది మొత్తం వీక్షకుల సంఖ్యలో తొలిసారి అగ్రస్థానం పొందింది. మరుసటి ఏడాదే ఆ స్థానం సీబీఎస్‌కు దక్కింది.

మన దేశంలో 2020 అనుభవమూ ఇదే. ఆ ఏడాది మార్చిలో కరోనా కారణంగా షూటింగులు నిలిచిపోయాయి. దూరదర్శన్ మార్చి 28 నుంచి రామానంద్ సాగర్ 'రామాయణ్'ను పునఃప్రసారం చేసింది. 1987 నాటి ఆ ధారావాహిక దూరదర్శన్‌ను కొన్ని వారాలపాటు దేశంలోనే అగ్రగామిగా నిలిపింది. ప్రైవేటు చానళ్లు కొత్త ఎపిసోడ్లతో తిరిగివచ్చాక ఆ స్థానం నిలవలేదు. పాత నిధిని బయటకు తీయడం వేరు, ప్రతి రాత్రీ కొత్త కథను అందించడం వేరు. అదే ఏడాది జూలై 13న కొత్త ఎపిసోడ్లతో పాటే స్టార్ ప్లస్‌లో 'అనుపమ' మొదలై, కొద్దికాలంలోనే హిందీ ధారావాహికల్లో అగ్రస్థానానికి చేరింది. 2008లో తాను తిన్న దెబ్బనే స్టార్ ప్లస్ ఈసారి ప్రత్యర్థులకు రుచి చూపించింది.

ఈ అనుభవాలనుబట్టి కొన్ని సూత్రాలు చెప్పుకోవచ్చు. సమ్మె తర్వాతి పోటీని అంచనా వేయాలంటే అంతకుముందు ఎవరెక్కడ ఉన్నారని కాక, ఎవరు ఎటు కదులుతున్నారని చూడాలి. విరామకాలపు అంకెలను పక్కన పెట్టాలి. పునఃప్రారంభం రోజున కొత్త కథతో ఎవరు సిద్ధంగా ఉన్నారో గమనించాలి. తొలి వారం అంకెలను చూసి నిర్ణయానికి రాకూడదు. ఏం జరిగిందో చూద్దామన్న కుతూహలంతో మొదటి వారం అందరూ వస్తారు. నాలుగైదు వారాల తర్వాత మిగిలినవారే నిజమైన ప్రేక్షకులు.

కొలబద్దపైనే సందేహాలు

ఈ అంచనాలన్నిటికీ ఆధారమైన కొలబద్ద ఎంత నిక్కచ్చిగా ఉందన్నది వేరే చర్చ. 2008లో దేశంలో టీవీలున్న ఇళ్లు పది కోట్లు దాటాయి. టామ్ సంస్థ రేటింగులు మాత్రం కొన్ని వేల ఇళ్లలోని మీటర్లపైనే ఆధారపడ్డాయి. గ్రామీణ భారతం ఆ లెక్కలో లేదు. 'బాలికా వధు' పల్లె కథను పల్లె ప్రజలు ఎంతమంది చూశారో ఆ పట్టికలు చెప్పలేకపోయాయి. అప్పటికి 8 వేలున్న మీటర్ల సంఖ్యను ఐదేళ్లలో 30 వేలకు పెంచాలని అమిత్ మిత్రా కమిటీ తర్వాత సిఫారసు చేసింది. 2015లో రంగంలోకి వచ్చిన బార్క్ గ్రామాలనూ లెక్కలోకి తెచ్చింది. అయినా రేటింగుల తారుమారు ఆరోపణలపై 2020 అక్టోబరులో ముంబయి పోలీసులు కేసు నమోదు చేయగా, వార్తా చానళ్ల రేటింగుల వెల్లడి 2022 మార్చి వరకు నిలిచిపోయింది. అర పాయింటు తేడాను చూపి విజయఢంకా మోగించే చానళ్లు ఈ పరిమితులను విస్మరిస్తున్నాయి.

మారిన బలాబలాలు

2008 నాటి పోరు మళ్లీ అదే రూపంలో పునరావృతమయ్యే అవకాశం లేదు. 2024 నవంబరులో రిలయన్స్, డిస్నీ సంస్థల మాధ్యమ వ్యాపారాలు విలీనమయ్యాయి. నాడు హోరాహోరీగా తలపడిన స్టార్ ప్లస్, కలర్స్ ఒకే గొడుగు కిందికి చేరాయి. 2025 జూలైలో 'క్యోంకీ' రెండో విడత స్టార్ ప్లస్‌లో ప్రారంభం కావడం పాత జ్ఞాపకాలకు ఇంకా గిరాకీ ఉందనడానికి నిదర్శనం. సెల్‌ఫోన్‌లోనే ధారావాహికలు చూసే అలవాటు పెరగడంతో విరామకాలంలో ప్రేక్షకుడు మరో చానల్‌కు కాక టీవీకే దూరమయ్యే ప్రమాదం ఏర్పడింది.

ఈ మార్పుల భారం చివరకు ఎవరిపై పడుతుందన్నదే కీలకం. చానళ్ల మధ్య పోటీ తీవ్రంగా ఉన్నప్పుడు ఒక్క వారం ప్రసారం ఆగినా యాజమాన్యాలు బెంబేలెత్తుతాయి. సమ్మె చేసే కార్మికునికి అదే బలం. ప్రధాన ప్రత్యర్థులు ఒకే యజమాని చేతికి వచ్చాక ఒక చానల్ పోగొట్టుకున్నది మరో చానల్‌కు చేరినా యజమాని లెక్క పెద్దగా మారదు. అప్పుడు బేరమాడే శక్తి నిర్మాతకూ తగ్గుతుంది, అతనిపై ఆధారపడిన కార్మికునికి మరింత తగ్గుతుంది. కోల్పోయిన రోజులను పూడ్చుకునే తొందరలో అదనపు షిఫ్టులు చేయవలసిందీ ఆ కార్మికుడే. గురువారం వెలువడే పట్టికలో ఏ చానల్ పేరు ముందున్నా, లైట్లు మోసిన మనిషికి 90 రోజులకు గాని కూలి అందని పరిస్థితి మారనంతకాలం సమ్మె ముగిసిందనుకోవడం భ్రమే. తర్వాతి సమ్మెకు కారణాలు ఆ బకాయిల్లోనే ఉంటాయి.