ఒఫ్రెందాకు ఆదరణ, తర్పణానికి ఉపేక్ష: మూడు వాదాల ఖండనము

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలలో పలువురు పాఠశాలలో స్పానిష్ భాషను అభ్యసిస్తారు. అక్టోబరు మాసాంతంలో ఆ తరగతులలో మెక్సికో దేశపు 'దియా దె ముయెర్తోస్', అనగా మృతుల దినము, పాఠ్యాంశమవుతుంది. పిల్లలు రంగుకాగితాలను జాలీలుగా కత్తిరిస్తారు. చక్కెరతో చేసిన కపాలాలను అలంకరిస్తారు. 'ఒఫ్రెందా' అనే స్మరణవేదికను అమరుస్తారు. గతించిన బంధువు ఛాయాచిత్రం ఒకటి ఇంటినుండి తెమ్మని ఉపాధ్యాయులు కోరడమూ కద్దు. ఈ పాఠం విషయమై ఆస్తికుల గృహాలలో మూడు వాదాలు వినవస్తున్నాయి. మూడింటిలో ఏదియు విచారణకు నిలువదు.

ప్రథమ వాదము: ఇది ప్రేతారాధన, హిందూ బాలబాలికలు ఇందులో పాల్గొనరాదు. ఇట్లనువారు గీతలోని నవమాధ్యాయపు 25వ శ్లోకాన్ని ఉదాహరిస్తారు. కాని ఆ శ్లోకమే పితృవ్రతులను, భూతోపాసకులను వేర్వేరుగా పేర్కొన్నది. ఒఫ్రెందాపై ఉండేవి ఏవి? దూరమునుండి వచ్చిన ఆత్మ దప్పిక తీరుటకు నీరు, ఉప్పు, దీపాలు, కోపాల్ అనే చెట్టుబంక ధూపము, రొట్టె, గతించినవారికి ప్రియమైన వంటకాలు, వారి చిత్రపటము. మెక్సికోలో పెక్కుచోట్ల నవంబరు 1న మరణించిన శిశువులను, 2న పెద్దలను స్మరిస్తారు. సమాధులను శుభ్రపరచి పూలతో అలంకరిస్తారు. మిచోఆకాన్ రాష్ట్రంలోని హానిత్సియో ద్వీపంలో రాత్రంతా దీపాలు వెలిగించి సమాధుల చెంత జాగరణ చేస్తారు. ఇందులో క్షుద్రోపాసన లేశమైనా లేదు. పితరులకు జలమర్పించుట దోషమైతే తర్పణమే దోషమని ఒప్పుకొనవలసి వస్తుంది.

ద్వితీయ వాదము: ఇదంతా వేదమునుండియే వెళ్ళినది, మహాలయమే అక్కడ రూపాంతరం చెందినది. ఇది భక్తివేషం ధరించిన అహంకారము. స్పానిష్ వారి రాకకు పూర్వమే నాహువా జనుల పంచాంగంలో మృతులకై రెండు మాసోత్సవాలుండేవి. 1521లో వారి రాజ్యం పతనమైన పిమ్మట ఆ ఆచారాలు కథోలిక క్రైస్తవుల సర్వపునీతుల దినముతోను, మరునాటి సర్వాత్మల దినముతోను కలిసి నేటి రూపం దాల్చినవి. ఒక జాతి తన విధ్వంసం నడుమ కాపాడుకొన్న స్మృతిని మరొకరు తమదని చెప్పుకొనుట అపహరణమే. 2013లో డిస్నీ సంస్థ ఈ పండుగ పేరును తన వ్యాపారచిహ్నంగా నమోదు చేయబూనినప్పుడు నిరసనలు చెలరేగగా ఆ యత్నాన్ని విరమించుకొన్నది. 'సర్వం మాదే' అను వాదానికీ ఆ దరఖాస్తుకూ స్వభావభేదం లేదు.

నిజానికి ఇక్కడ ఋణం ఎదురుదిశలో ఉన్నది. ఒఫ్రెందాకు మార్గం చూపునదని వారు నమ్మే సెంపసూచిల్ పుష్పము తెలుగువారి బంతిపూవే. దాని జన్మస్థానం మెక్సికో. ఐరోపావారు అమెరికా ఖండాన్ని చేరిన తరువాతనే అది భారతభూమికి వచ్చినది. నేడు బతుకమ్మలోను, సంక్రాంతి గొబ్బెమ్మలపైనను శోభించునది అదియే.

సిద్ధాంతభేదమూ గణనీయమే. అక్కడ గతించినవారు తమ రుచులతో, తమ రూపంతో ఏటేటా ఇంటికి అతిథులై వస్తారు. కనుక నవ్వు, సంగీతం, విందు శోభిస్తాయి. శ్రాద్ధంలో పితృ, పితామహ, ప్రపితామహులు వసు, రుద్ర, ఆదిత్య రూపులుగా భావింపబడతారు. అక్కడ నియమము, శుచి, మౌనము ప్రధానాలు. సామ్యాన్ని గుర్తించుట ఉచితము; భేదాన్ని తుడిచివేయుట అవివేకము.

తృతీయ వాదము మిక్కిలి ప్రమాదకరమైనది: శ్రాద్ధం మూఢవిశ్వాసము, ఒఫ్రెందా సంస్కృతి. దీనిని నోట పలికేవారు తక్కువ, ఆచరణలో పాటించేవారు ఎక్కువ. బిడ్డ తరగతిలో అమర్చిన వేదిక చిత్రాన్ని బంధుమిత్రులందరికీ పంపి మురిసిపోయే గృహంలోనే, కొద్దివారాల ముందు మహాలయ పక్షం దోసెడు తిలోదకమైనా లేక గడచిపోయి ఉంటుంది. యునెస్కో 2008లో తన జాబితాలో చేర్చినందున ఒకటి గౌరవనీయమై, తాత చేయగా చూచినందున మరొకటి లజ్జాకరమగుట ఏ తర్కము? 'జీవుడు మరొక జన్మమెత్తితే పిండం ఎవరికి చేరును?' అని శ్రాద్ధాన్ని ప్రశ్నించేవారు, ఒఫ్రెందాపై రొట్టెను ఎవరు తింటారని ఎన్నడూ అడగరు. ఆ ప్రశ్నకు పురాణాల సమాధానం స్పష్టమే: నామగోత్రాలతో అర్పించినది జీవుడు ఏ యోనిలో నున్నా ఆ జన్మకు తగిన ఆహారమై చేరును.

శ్రాద్ధానికి మూలం శ్రద్ధ, దానికి హేతువు ఋణము. బ్రాహ్మణుడు ఋషులకు, దేవతలకు, పితరులకు ఋణియై జన్మించునని తైత్తిరీయ సంహిత ఉపదేశము. దేహము, భాష, గోత్రము, ఇంటిపేరు ఏవియు స్వార్జితాలు కావు. ఇచ్చినవారిని పేరుతో పిలుచుటయే ఆ ఋణాన్ని అంగీకరించే కనీస విధి.

స్పానిష్ తరగతి అడిగిన ఛాయాచిత్రం వలన నిజంగా పరీక్షకు గురియగునది బిడ్డ కాదు, తల్లిదండ్రులు. 'ముత్తాత పేరేమి?' అని బిడ్డ అడిగినప్పుడు ఎందరు ఉత్తరమీయగలరు? మూడు తరాల పేర్లు తెలియని ఇంట మహాలయసంకల్పం మధ్యలోనే ఆగిపోతుంది. తెలంగాణలో పెత్రమాసనాడు చనిపోయినవారి పేర బియ్యము, పప్పు, కూరగాయలు దానమిచ్చి, ఆ సాయంకాలమే ఎంగిలిపూల బతుకమ్మను పేర్చుకొనే కుటుంబాలు నేటికీ ఉన్నవి. వారికి ఈ ప్రశ్న కష్టం కాదు.

కనుక ఆ పాఠాన్ని మాన్పించవలసిన పని లేదు, వైదికమని చాటవలసిన పని అసలే లేదు. రానున్న భాద్రపద అమావాస్యలోపు రెండు వంశాల మూడు తరాల పేర్లు సేకరించి బిడ్డచేత తెలుగులో వ్రాయించవలెను. అధికారమున్నవారు తర్పణం విడువవలెను. ఆనాడు ఒక్క ఆకలిగొన్నవానికైనా అన్నం పెట్టవలెను. తండ్రి జీవించియున్నవానికి సాధారణంగా తర్పణాధికారం లేదు; పూర్వుల పేర్లు తెలిసికొనుటకు మాత్రం ఏ అధికారమూ అక్కరలేదు.