వాడికేం తెలుసు అనకండి

పిల్లాడికి పెద్ద జబ్బు చేసిందంటే ఇంట్లో ముందు మాటలు గుసగుసల్లోకి దిగిపోతాయి. "వాడి ముందు అనకండి, పసివాడు, వాడికేం తెలుసు!" ఆ గుసగుసలే పిల్లల్ని ఎక్కువ భయపెడతాయని నా నమ్మకం.

మా ఆడపడుచు కొడుక్కి ఆరేళ్లప్పుడు బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. అన్నాళ్లూ "రక్తం తక్కువైంది నాన్నా" అని నెట్టుకురాగలమా? జుట్టు రాలుతుంది, బడి మానిపిస్తాం, ఎప్పుడూ కసిరే నాన్న అడిగినవన్నీ కొనిపెడతాడు. ఓ రోజు వాడు నన్నడిగాడు, "అత్తా, చెల్లిని కొట్టినందుకేనా నాకిన్ని సూదులు?" అని.

చిన్నపిల్లలు జబ్బుని శిక్ష అనుకోవడం మామూలేనట. అనుకోరూ మరి! అన్నం తినకపోతే సూది పొడిపిస్తానని బెదిరించేది మనమే. చూడ్డానికొచ్చిన చుట్టాలు మంచం పక్కనే నిలబడి "ఏ జన్మ పాపమో" అంటారు. వాళ్లని గుమ్మంలోనే ఆపాలి, మర్యాద పోయినా సరే.

మైరా బ్లూబాండ్ లాంగ్నర్ అనే ఆవిడ అమెరికాలో ఓ ఆస్పత్రిలో లుకేమియా పిల్లల మధ్య గడిపి 1978లో పుస్తకం రాశారు. అప్పట్లో ఆ జబ్బుతో ఎక్కువమంది బతికేవారు కాదు. ఇప్పుడు మంచి వైద్యం అందితే చాలామంది కోలుకుంటున్నారు. ఆ పిల్లలకి ఎవరూ చెప్పకపోయినా తాము బతకమని తెలుసట. తెలిసీ అమ్మానాన్నల ముందు తెలియనట్టే ఉండేవారట. ఇది చదివాక నాకు రెండ్రోజులు అన్నం సయించలేదు.

అందుకే జబ్బుకి పేరు చెప్పాలంటాను. నీవల్ల రాలేదు, చెల్లికి అంటుకోదు అని పదిసార్లయినా చెప్పాలి. సూదికి ముందు "నొప్పే ఉండదు" అంటే మర్నాడు మన మాట నమ్మడు. కాసేపు నొప్పి పుడుతుంది, నేను చెయ్యి పట్టుకుంటాను అంటే చాలు. వాడు ఎలుగుబంటి బొమ్మకి ఖాళీ సిరంజితో సూదులు వేస్తుంటే వాళ్ల నాయనమ్మ అపశకునమని లాక్కోబోయింది. మా ఆడపడుచు పడనివ్వలేదు. భయాన్ని అలా ఆటలో కక్కుకుంటారండీ పిల్లలు.

ఇంకో సంగతి. అందరం వాడి చుట్టూ ఉంటే, నాలుగేళ్ల చెల్లిని అమ్మమ్మ దగ్గర వదిలేశారు. అది ఫోన్లో అడిగిన మొదటి మాట, "నాకెప్పుడు జబ్బు చేస్తుందమ్మా?"