‘లిస్టులో లేదు’ అంటే వెనక్కి రావద్దు, కాగితం అడగాలి

పోస్టు పెద్దగానే ఉంటది, ఓపికగా చదవండి. ఇది యూసుఫ్‌గూడలో మా హాస్టల్ రూములో ఉండే ఒక తమ్ముడి సంగతి. పేరు రాయొద్దన్నది తనే, విషయం మాత్రం రాయమన్నదీ తనే.

తమ్ముడికి సోరియాసిస్ ఉంది. ఇంటర్ నుంచీ ఉంది. అరచేతులు, అరికాళ్లు పగులుతాయి, పొలుసులు లేస్తాయి, చలికాలం వస్తే రక్తం కారుతుంది. ఏడాది నుంచి వేళ్ల కణుపులు కూడా వాస్తున్నాయి. పొద్దున లేవగానే బకెట్ పట్టుకోలేడు, చొక్కా గుండీలు మేమే పెడతాం. డిగ్రీ పరీక్ష మూడు గంటలైతే రెండో గంటకే పెన్ను పక్కన పెట్టేస్తాడు. జవాబు తెలిసి కూడా ఖాళీగా వదిలేసి వచ్చిన పేజీలు ఉన్నాయి. కృష్ణానగర్ వైపు ఫంక్షన్లకు మేమంతా క్యాటరింగ్‌కు పోతాం. ఆ చేతులు చూసి అతన్ని రావద్దన్నారు.

వికలాంగుల సర్టిఫికెట్ కోసం ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి, స్లాట్ తీసుకుని, ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో క్యాంపుకు వెళ్లాం. మాలో ఇద్దరం క్లాసులు మానుకుని తోడు పోయాం. నాలుగు గంటలు లైన్లో నిలబడితే లోపల రెండు నిమిషాలు కూడా కాలేదు. "చర్మ వ్యాధా? లిస్టుల లేదు బాబూ, పో" అన్నారు. చేతులు చూడలేదు. వేళ్లు మడవమని అడగలేదు. కాగితం ఏదీ ఇవ్వలేదు. మేమూ అడగలేదు. "సరే సార్" అని దండం పెట్టి మరీ వచ్చేశాం.

ఈ పోస్టు ఆ "సరే సార్" గురించే.

మనం ఎందుకు అంత తొందరగా సరే అంటాం? పోడు భూమి పట్టా అడిగితే "సర్వేలో లేదు" అంటే అమ్మానాన్నలు ఇంటికొచ్చారు. కుల సర్టిఫికెట్ అడిగితే "రేపు రా" అంటే రేపు పోయారు, ఎల్లుండి పోయారు. బల్ల అవతల కూర్చున్న మనిషి నోటి మాటే చట్టం అని చూస్తూ పెరిగాం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇంత చదివి కూడా ఆ రోజు మా నాన్నలు ఎట్ల తిరిగొచ్చేవాళ్లో అట్లనే తిరిగొచ్చాం. దానికి సిగ్గుపడి, రూముకొచ్చాక చట్టం తీసి చదివాం.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం షెడ్యూలులో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. చర్మానికి దగ్గరగా కనిపించేవి రెండే. కుష్ఠు వ్యాధి నయమైనవాళ్లు, యాసిడ్ దాడికి గురైనవాళ్లు. సోరియాసిస్ పేరు లేదు, బొల్లి పేరు లేదు. కాబట్టి లోపల కూర్చున్నాయన అబద్ధం చెప్పలేదు. కానీ సగమే చెప్పాడు.

కుష్ఠు గురించి ఆ షెడ్యూలులో ఏం రాసి ఉందో చూడండి. మచ్చలు ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టలేదు. చేతులు, పాదాల్లో స్పర్శ పోయిందా, అవయవం వంకర పోయిందా, పని చేసుకోగలడా అని చూసింది. అంటే చట్టం అడిగేది మచ్చ గురించి కాదు, మచ్చతో పాటు పోయిన పని గురించి. అదే షెడ్యూలులో చలన వైకల్యం అంటే ఏమిటో కూడా ఉంది. ఎముకలు, కీళ్లు, కండరాలు లేదా నరాలు దెబ్బతిని, తాను కదలడానికీ వస్తువులను కదిలించడానికీ కష్టం కావడం. సోరియాసిస్ ఉన్నవాళ్లలో కొంతమందికి అది కీళ్లకు పాకుతుందని, దాన్ని సోరియాటిక్ ఆర్థరైటిస్ అంటారని ఏ చర్మ డాక్టరునడిగినా చెబుతారు. మా తమ్ముడి వేళ్లు అదే చెప్తున్నాయి. ఆ రోజు బోర్డు చూడాల్సింది వేళ్లను. విన్నది జబ్బు పేరొక్కటే.

40 శాతం వస్తుందని మేము చెప్పడం లేదు. రాకపోవచ్చు. కానీ చూసి రాదనడం వేరు, చూడకుండా పొమ్మనడం వేరు.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. చూడకుండా పొమ్మన్నది ఆ బోర్డు ఒక్కటే కాదు. మొదటి ఏడాది మేము కూడా అతని దుప్పటి ముట్టుకోలేదు. మెస్సులో అతని పక్కన ప్లేటు పెట్టలేదు. "అంటుకుంటదేమో" అని మగ్గు వేరు చేశాం. ఊర్లో గాలి సోకింది అన్నారు, ఇక్కడ మేము ఇన్ఫెక్షన్ అన్నాం, తేడా ఏముంది? సోరియాసిస్ అంటువ్యాధి కాదు. 2014లో ప్రపంచ ఆరోగ్య సభ చేసిన తీర్మానంలో కూడా ఇది దీర్ఘకాలిక, అంటుకోని జబ్బు అని స్పష్టంగా ఉంది. ఇది మేము ముందే తెలుసుకుని ఉంటే తమ్ముడు రెండేళ్లు మూలన కూర్చుని తినేవాడు కాదు. మీ హాస్టళ్లలో అట్లాంటి మగ్గు ఏదైనా వేరుగా ఉంటే, ఈ రోజే కలపండి.

ఇప్పుడు కాగితం దగ్గరికి వద్దాం. చట్టంలో సెక్షన్ 58 సర్టిఫికెట్ ఇవ్వడం గురించి చెప్తుంది. సెక్షన్ 59 అప్పీలు గురించి. ధ్రువీకరించే అధికారి నిర్ణయం నచ్చనివాళ్లు రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అప్పీలు అధికారి దగ్గరికి వెళ్లవచ్చు. 2017 నాటి నిబంధనల ప్రకారం అర్హత లేదని తేలితే ఎందుకు లేదో కారణాలు రాతపూర్వకంగా తెలపాలి. అంటే నోటితో "లేదు" అనడం నిర్ణయమే కాదు. నిర్ణయం కాగితం మీద లేకపోతే అప్పీలు దేని మీద చేస్తాం?

పక్క రాష్ట్రంలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటది. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు 6,000 అయింది. తర్వాత పింఛనుదార్లకు మళ్లీ వైద్య పరీక్షలు పెట్టారు. 40 శాతం కంటే తక్కువ వచ్చిందని 2025 ఆగస్టులో చాలామందికి నోటీసులు ఇచ్చారు. గొడవ జరిగింది. అప్పీలు చేసుకోవచ్చని, మళ్లీ పరీక్ష చేస్తామని ప్రభుత్వం చెప్పింది. ఆ నోటీసు చేతికొచ్చినప్పుడు ఎంత ఏడ్చి ఉంటారో మనకు తెలుసు. కానీ ఒకటి గమనించండి. వాళ్ల చేతిలో కాగితం ఉంది. దాన్ని పట్టుకుని ఆఫీసుకు పోగలిగారు, పేపర్లోళ్లకు చూపించగలిగారు, మళ్లీ చూడమని అడగగలిగారు. మా తమ్ముడి చేతిలో బస్సు టికెట్ తప్ప ఏమీ లేదు.

బ్రిటన్‌లో పిప్ అనే వికలాంగుల సాయం ఉంది. అక్కడ జబ్బు పేరు ఒక్కదానితో నిర్ణయించరు. వండుకోగలవా, స్నానం చేయగలవా, బట్టలు వేసుకోగలవా, నడవగలవా అని చూసి పాయింట్లు వేస్తారు. ఇవ్వకపోతే ఉత్తరం వస్తుంది. నెలలోపు మళ్లీ చూడమని అడగొచ్చు, అప్పటికీ కాదంటే ట్రిబ్యునల్‌కు పోవచ్చు. అక్కడ అంతా బాగుందని కాదు. మెట్లు రాసిపెట్టి ఉన్నాయి, ఎక్కాలో వద్దో మనిషి ఇష్టం. మన దగ్గర కూడా మెట్లున్నాయి, మనకు చూపించలేదు అంతే.

మొన్న రూములో దీని మీద పెద్ద చర్చ అయింది. ఒక అన్న అన్నాడు, "దొంగ సర్టిఫికెట్లు ఎక్కువైనయి, అందుకే డాక్టర్లు గట్టిగా ఉంటున్నరు." నిజమే, దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయి. కానీ దొంగ సర్టిఫికెట్ తెచ్చుకునేవాడు లైన్లో నాలుగు గంటలు నిలబడడు. అతనికి వేరే దారి తెలుసు. గట్టిగా ఉండాల్సింది పరీక్ష చేయడంలో. పరీక్ష చేయకుండా పంపడం వల్ల దొంగ ఆగడు, నిజమైనోడే ఆగిపోతాడు.

ఇంకో తమ్ముడు అన్నాడు, "మనకు ఎస్టీ రిజర్వేషన్ ఉంది కదా, మళ్లీ ఇది ఎందుకు?" ఎస్టీ రిజర్వేషన్ సీటు దాకా తీసుకొస్తుంది. వాచిన వేళ్లతో మూడు గంటలు రాయించదు. ఇది రెండో లాభం కాదు, రెండో కష్టానికి జవాబు. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 4,016 రూపాయలు. అది వస్తే నెల నెలా మందులకు సరిపోతుంది, నిజమే. కానీ మా తమ్ముడికి పింఛను కంటే ముందు కావాల్సింది పరీక్షలో అదనపు సమయం.

దానికి 40 శాతం కూడా అక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ వర్సెస్ యూపీఎస్సీ కేసులో తీర్పు వచ్చింది. ఆయనకు రాసేటప్పుడు చెయ్యి పట్టేసే జబ్బు. 40 శాతం లేదని రాసిపెట్టే మనిషిని ఇవ్వలేదు. కోర్టు ఆ నిర్ణయాన్ని తప్పుబట్టింది. రిజర్వేషన్‌కు పెట్టిన 40 శాతం కొలత వేరు, మనిషి అందరితో సమానంగా పరీక్ష రాయడానికి చేయాల్సిన సర్దుబాటు వేరు అని చెప్పింది. ఆ తీర్పు తర్వాత 2022 ఆగస్టు 10న కేంద్రం 40 శాతం కంటే తక్కువ ఉండి రాయడం కష్టమైనవాళ్ల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో గంటకు 20 నిమిషాల అదనపు సమయం ఉంది. 2025 ఫిబ్రవరి 3న గుల్షన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే మాట మళ్లీ గట్టిగా చెప్పింది. అమీర్‌పేటలో గ్రూప్స్ కోచింగ్‌కు పోతున్న మనవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసు? మాకు మొన్నటిదాకా తెలియదు.

ఇక లిస్టు సంగతి. అది రాతి మీద చెక్కింది కాదు. 1995 చట్టంలో ఏడు రకాలే ఉండేవి. 2016లో 21 అయ్యాయి. అట్ల కొత్తగా చేరినవాటిలో సికిల్ సెల్ ఒకటి. మన గూడేల్లో పిల్లల ఒళ్లు నొప్పులకు, రక్తం తగ్గడానికి కారణం అదేనని మనకు ఎంత ఆలస్యంగా తెలిసిందో అందరికీ తెలుసు. 2016 ముందు అది కూడా "లిస్టులో లేదు". చట్టంలో సెక్షన్ 99 ప్రకారం కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి షెడ్యూలును మార్చవచ్చు. తీవ్రమైన, ఎప్పటికీ తగ్గని చర్మ వ్యాధులను కూడా పనికి కలిగే ఇబ్బందిని బట్టి అందులో చేర్చాలని మేము అనుకుంటున్నాం. సికిల్ సెల్ చేరినప్పుడు సంతోషపడిన మనమే ఈ మాట ముందు అడగాలి.

అప్పటిదాకా ఏం చేయాలి? మేము ఈ వారం మొదలుపెట్టినవి రాస్తున్నాం. మీ ఊర్లో ఎవరికైనా పనికొస్తాయి.

1. ముందు కీళ్ల డాక్టరుకు చూపించాలి. చర్మ డాక్టరు చీటీ ఒక్కటే సరిపోదు. మాకు దగ్గర్లో పంజాగుట్ట నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. ఎక్స్‌రేలు, చీటీలు పారేయకుండా ఒక కవర్లో పెట్టాలి.

2. దరఖాస్తులో "చర్మ వ్యాధి" అని రాసి ఆపొద్దు. ఏ పని చేయలేకపోతున్నాడో రాయాలి. పెన్ను ఎంతసేపు పట్టగలడు, ఎంత దూరం నడవగలడు, బకెట్, గుండీ, మెట్లు, అన్నీ రాయాలి.

3. "లేదు" అంటే "కారణం రాసి ఇవ్వండి సార్" అనాలి. కోపంగా అక్కర్లేదు, మెల్లగా అంటే చాలు. కానీ ఆ మాట అనకుండా అక్కడి నుంచి కదలొద్దు.

4. ఇవ్వకపోతే ఆ రోజు రికార్డు కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. 30 రోజుల్లో జవాబు రావాలి.

5. కాగితం వచ్చాక సెక్షన్ 59 కింద అప్పీలు. లాయరు ఖర్చు ఎట్ల అని భయపడొద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్టీలకు ఆదాయం ఎంతున్నా ఉచిత న్యాయ సహాయం హక్కు. జిల్లా కోర్టు దగ్గర న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు కూడా పెట్టొచ్చు.

6. పరీక్షలకు ముందే కాలేజీకి అదనపు సమయం కోసం అర్జీ ఇవ్వాలి. ఒక కాపీ మీద ముట్టినట్టు సంతకం, ముద్ర వేయించుకోవాలి.

నిన్న రాత్రి తమ్ముడి అర్జీ రాశాం. అతను చెప్తుంటే మాలో ఒకడు రాశాడు. సంతకం మాత్రం తనే పెడతానన్నాడు. వేళ్లు పట్టేసి ఉన్నాయి, పెట్టేసరికి చాలాసేపు పట్టింది. మేము ఎవరం తొందరపెట్టలేదు. వచ్చే సోమవారం మళ్లీ పోతున్నాం. ఈసారి ముగ్గురం పోతాం.

మీ ఇంట్లో, మీ గూడెంలో, మీ తండాలో "లిస్టులో లేదు" అని విని తిరిగొచ్చినవాళ్లు ఉంటారు. జబ్బు ఏదైనా సరే. వాళ్లను ఒక్కటే అడగండి, కాగితం ఇచ్చారా అని. ఇవ్వలేదంటే ఈ గ్రూపులో చెప్పండి. అర్జీ రాయడం మాకు వచ్చింది, కూర్చుని రాద్దాం.

జోహార్.