ఇబ్రహీంపట్నం కు.ని. ఆపరేషన్లు: లోపం పద్ధతిదా, తొందరదా?

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్కరోజే 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. వారం తిరక్కుండానే నలుగురు తల్లులు చనిపోయారు. మిగతావాళ్లను హడావుడిగా నిమ్స్, అపోలో ఆసుపత్రులకు తరలించారు. మృతుల కుటుంబాలకు ప్రభుత్వం 5 లక్షల చొప్పున పరిహారం ప్రకటించింది.

ఇలాంటి ఘటన జరిగినప్పుడల్లా రెండు మాటలు వినిపిస్తాయి. "ఆ ఆపరేషనే ప్రాణాంతకం" అన్నది ఒకటి. "లక్షల మందికి చేస్తున్నారు, ఏమీ కాదు" అన్నది రెండోది. రెండూ పూర్తి నిజాలు కావు.

పొట్టపై రెండు చిన్న రంధ్రాలు పెట్టి, ల్యాప్రోస్కోప్‌తో చూస్తూ చేసే ఆపరేషన్ ఇది. దీన్నే డీపీఎల్ అంటారు. పద్ధతి ప్రకారం చేస్తే మరణాలు చాలా అరుదు. అయితే ఒకరికి వాడిన పరికరాన్ని ఇంకొకరికి వాడేముందు శుభ్రం చేసి, క్రిమిసంహారక ద్రావణంలో కనీసం 20 నిమిషాలు ఉంచాలి. బయట క్యూ పెరిగితే ముందు కోత పడేది ఈ 20 నిమిషాలకే. అందుకే ఒక వైద్య బృందం రోజుకు 30కి మించి చేయకూడదని కేంద్ర నిబంధనలు పరిమితి పెట్టాయి. ఇబ్రహీంపట్నంలో ఆ సంఖ్య దాటింది. మరణాలకు ఇన్‌ఫెక్షనే కారణమని విచారణలో తేలింది.

ఇది కొత్త పాఠమేమీ కాదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే క్యాంపులో 83 మందికి గంటల వ్యవధిలో ఆపరేషన్లు చేశారు. పదిమందికి పైగా చనిపోయారు. మూడేళ్లలో ఈ క్యాంపు పద్ధతికి స్వస్తి పలకాలని 2016 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ గడువు 2019తోనే ముగిసింది. ఇబ్రహీంపట్నం క్యాంపు జరిగింది 2022లో! నాలుగు ప్రాణాలు పోయాకే రాష్ట్రంలో రోజుకు 15 ఆపరేషన్ల పరిమితి వచ్చింది.

ఇంకో లెక్క కూడా చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 37.9 శాతం మంది ఆడవాళ్ల ఆపరేషన్‌పై ఆధారపడితే, మగవాళ్ల ఆపరేషన్‌పై ఆధారపడినవాళ్లు 0.3 శాతమే. నిజానికి మగవాళ్లకు చేసే వేసెక్టమీలో పొట్ట కోయాల్సిన పనే లేదు. ప్రమాదం తక్కువ, కోలుకోవడం తేలిక. అయినా భారమంతా ఆడవాళ్ల మీదే పడుతోంది.

ఆపరేషన్ వద్దనుకునేవాళ్లకు కాపర్-టీ, ఇంజెక్షన్, మాత్రలు ఉన్నాయి. చేయించుకోవాలనుకుంటే సంతకం పెట్టేముందు అమ్మీ, అత్తగారు, భర్త ఎవరు వెంట ఉన్నా నాలుగు మాటలు అడగాలి. ఈరోజు ఎంతమందికి చేస్తున్నారు? రక్తపరీక్షలు చూశారా? పరికరాలు ఎలా శుభ్రం చేస్తున్నారు? రాత్రి ఉంచి చూస్తారా? ఇంటికొచ్చాక జ్వరం, ఆగని వాంతులు, పొట్టనొప్పి ఉంటే "ఆపరేషన్ అన్నాక మామూలే" అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఉచితంగా చేసే ఆపరేషనైనా సరే, ఇవన్నీ అడిగే హక్కు ఆ మహిళకు ఉంది.