డబ్బా ఇల్లూ, డాబా మెట్లూ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్ళి సంగతి మన విద్యార్థి మిత్రులు తీరిగ్గా చూసుకోవచ్చు గాని, ఇంటి సంగతి మా కుటుంబానికి నిరుడు వేసవిలోనే వచ్చిపడింది. మాది దివిసీమలో, నాగాయలంక దగ్గర ఓ పల్లె. పాత పాక కూలబడింది. స్థలం ఉంది, సొమ్ము లేదు. ఆ రోజుల్లో నాన్న ఫోనులో ఓ వీడియో చూశాడు. ఓడల మీద సరుకు మోసే ఇనుప డబ్బాని, అదే కంటైనర్ని, తెచ్చి, తలుపులూ కిటికీలూ కోసి, రంగులేసి, వారం తిరక్కుండా ఇల్లు చేసేశారు. "ఇటుక లేదు, ఇసక లేదు, మేస్త్రి చుట్టూ తిరిగే పని లేదు. ఇదే మేలు కదరా!" అన్నాడు నాన్న.

మా మామ్మ అంతా విని ఒక్క మాట అడిగింది. "ఉప్పెనొస్తే దాని మీదికి ఎట్టా ఎక్కుతార్రా?"

మేం నవ్వాం. కాని ఆ ప్రశ్నకి జవాబు వెతకబోతేనే ఈ వ్యాసం తయారైంది.

ముందుగా డబ్బాకి న్యాయం చేద్దాం. 1956 ఏప్రిల్‌లో అమెరికాలో మాల్కం మెక్లీన్ అనే లారీల యజమాని 58 పెట్టెల్ని ఒక ఓడ మీద పంపించడంతో ఈ కథ మొదలైంది. ప్రపంచ వర్తకాన్నే మార్చేసిన ఆ పెట్టెలో మనుషుల్ని కాపురం పెట్టవచ్చునన్న ఆలోచన తర్వాత వచ్చింది. ఆమ్‌స్టర్‌డాంలో 2005, 2006 సంవత్సరాల్లో వెయ్యి గదుల విద్యార్థి నివాసాన్ని కంటైనర్లతోనే కట్టారు. 2011 సునామీ తర్వాత జపాన్‌లోని ఒనగవా పట్టణంలో, చదునైన జాగా దొరక్క, షిగేరు బాన్ అనే వాస్తుశిల్పి కంటైనర్లను మూడంతస్తులుగా పేర్చి నిరాశ్రయులకు తాత్కాలిక వసతి కల్పించాడు. అంత దూరం ఎందుకు? మన తెలంగాణలోనే, ములుగు జిల్లా కన్నాయిగూడెం మండలం బంగారుపల్లిలో 2024లో కంటైనర్ బడి తెరిచారు. అడవిలో పక్కా కట్టడానికి అనుమతి లేని చోట పిల్లలకు నీడ దొరికింది. కాబట్టి డబ్బా అనగానే ఎగతాళి చేయడం తెలివితక్కువతనమే అవుతుంది.

అయితే ఒక్క విషయం గమనించండి. ఈ మూడింటిలో ఏదీ ఒక పేదవాడు తన జీవితకాలపు సొమ్ము పోసి కొనుక్కున్న సొంత ఇల్లు కాదు. ఒకటి హాస్టలు, ఒకటి తాత్కాలిక శిబిరం, ఒకటి అడవి బడి. అక్కడ పనికొచ్చింది కదా అని మన ఉప్పుగాలిలో, మన నల్లరేగడిలో, మన చేతి డబ్బుతో పనికొస్తుందా? ఇదీ ప్రశ్న.

లెక్క చూద్దాం. 20 అడుగుల డబ్బా లోపలి జాగా సుమారు 150 చదరపు అడుగులు. పల్లెల్లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన ఇంటికి పెట్టిన కనీస వైశాల్యం 25 చదరపు మీటర్లు, అంటే 269 చదరపు అడుగులు. గుడివాడ మల్లాయపాలెంలో 2023లో ప్రారంభించిన 8,912 టిడ్కో ఇళ్ళ సముదాయాన్ని చూసినవారికి తెలుసు, టిడ్కోలో అన్నిటికన్నా చిన్న రకం 300 చదరపు అడుగులు. "అగ్గిపెట్టెలు" అని మనం విసుక్కునే ఆ ఇళ్ళతో సమానం కావాలంటేనే రెండు డబ్బాలు కలపాలి. కలపాలంటే మధ్య గోడలు కోయాలి. డబ్బా పైబరువంతా నాలుగు మూలల స్తంభాలే మోస్తాయి, ముడతల గోడ వాటికి బిగింపునిస్తుంది. ఆ గోడ కోసేస్తే మళ్ళీ ఇనుప చట్రం వెల్డింగు చేయించాలి.

నాన్న కాగితం మీద ఖర్చు రాశాడు. డబ్బా ఖరీదు చవకే. తర్వాత వరస మొదలైంది. విశాఖ నుంచో చెన్నై నుంచో ట్రైలర్ కిరాయి, దించడానికి క్రేను, పంటకాలవ పక్క సన్నదారిలో అది తిరగడానికి నానా యాతన, పునాది, కోతలు, లోపలి తాపడం, కరెంటు, మరుగుదొడ్డి. డబ్బా ఖరీదు ఒక వంతయితే తక్కినవి రెండు వంతులు దాటాయి. తలకంటే తలపాగా బరువన్నట్టు!

ఇక ఎండ మాట. గోడ అంటే రెండు మిల్లీమీటర్ల ఇనుప రేకు. రోహిణీ కార్తెలో ఆ రేకు మీద చెయ్యి పెట్టి చూడండి. వేడి ఆపాలంటే లోపల థర్మాకోలో దూదో పరిచి, పైన బోర్డు కొట్టాలి. లోపలి వెడల్పే 7 అడుగుల 8 అంగుళాలు, ఎత్తు 7 అడుగుల 10 అంగుళాలు. తాపడం వేశాక నులక మంచం వేస్తే నడవడానికి సందు మిగులుతుంది. ఫ్యాను వేలాడదీస్తే చొక్కా తొడుక్కోవడానికి చెయ్యెత్తినా రెక్క తగులుతుంది. సముద్రపు గాలికి తట్టుకునే ఉక్కే అయినా, కోసిన చోటా వెల్డింగు చేసిన చోటా రంగు పోయి తుప్పు పడుతుంది. ఏటేటా రంగు వేయించే స్తోమత ఉన్నవాడికి డబ్బా ఎందుకూ?

ఇవన్నీ సర్దుకుపోవచ్చు అనుకుందాం. గాలీ నీళ్ళూ సర్దుకోనివ్వవు. ఖాళీ డబ్బా బరువు రెండు టన్నుల పైచిలుకు. గంటకు 200 కిలోమీటర్ల గాలి దాని పొడుగు గోడను తోసే బలం మూడు టన్నుల దాకా ఉంటుంది. బిగించకుండా నేల మీద పెట్టిన డబ్బా దొర్లకుండా ఉంటుందా? నీళ్ళ సంగతి ఇంకా చిత్రం. తలుపు బిగించిన డబ్బాని, సామానూ మనుషులతో కలిపి నాలుగు టన్నులనుకున్నా, అడుగు లోతు నీళ్ళు తేల్చేస్తాయి. నీళ్ళు లోపలికొస్తే తేలదు గాని, లోపలి మనుషులు మునుగుతారు.

1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో ముప్పై వేల మంది పోయారని చరిత్ర చెబుతోంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద అయిదు మీటర్ల కెరటం విరుచుకుపడింది. ప్రభుత్వ లెక్కలోనే పదివేల ప్రాణాలు పోయాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళ పేర్లు మన ఇళ్ళల్లో ఈనాటికీ మెల్లగానే పలుకుతారు. ఆ రాత్రి మా ఊళ్ళో మెట్లున్న మేడ ఒక్కటే. మామ్మ మా నాన్నను చంకనేసుకుని ఆ మెట్లెక్కింది. నాన్నకి ఓ అక్క ఉండేదిట, అయిదేళ్ళది. వెనకాలే వస్తోందనుకుంది మామ్మ. అందుకే ఆమె ఇల్లు అనగానే ముందు మెట్లు అడుగుతుంది.

అయితే నే చెప్పేదేమిటి? డబ్బాని తరిమెయ్యమనడం లేదు. తుపాను వెళ్ళిన వారంలో సంచార ఆసుపత్రిగా, తాత్కాలిక బడిగా, బందరు రేవు పనులకు వచ్చే కూలీలకు బసగా, బస్టాండులో టిఫిన్ దుకాణంగా దానికి మించినది లేదు. మన హాస్టలుకు నాలుగు గదులు చాలకపోతే, నీడపందిరి కింద పేర్చి పెట్టుకోవచ్చు కూడా. "స్తంభాలు లేపి వాటి మీద బిగిస్తే?" అని ఇంజనీరింగు మిత్రులడుగుతారు. నిక్షేపంగా బిగించవచ్చు. కాని అంత ఖర్చు పెట్టినవాడు దాని మీద స్లాబే వేసుకుంటాడు!

మన డెల్టాలో చవక ఇంటికి అసలు అడ్డు గోడ కాదు, నేల. పల్లపు పొలంలో ఇచ్చిన స్థలాన్ని మెరక చేసేసరికే పేదవాడి చేతిలో డబ్బు అయిపోతుంది. ఆ మెరక ఖర్చూ, స్లాబు మీదికి వెళ్ళే మెట్ల ఖర్చూ ఇంటి సాయంలో విడిగా చేర్చమని మనం అడగాలి. అది అడగడం మాని "ఆధునికం, అందం, అగ్గువ" అంటూ రంగుల డబ్బా వెంట పడితే, మోసపోయేది మనమే. ఒక ఊళ్ళో ప్రతి ఇంటికీ మెట్లుంటే, ఆ ఊళ్ళో ఎన్ని ఇళ్ళున్నాయో అన్ని తుపాను షెల్టర్లున్నట్టే కాదా? సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు ఒక టేపు పట్టుకుని, మీ వీధిలో ఎన్ని ఇళ్ళ అరుగు రోడ్డు కంటే ఎత్తుగా ఉందో, ఎన్నిటికి మెట్లున్నాయో రాసుకు రండి. ఆ కాగితాలన్నీ కలిపితే పై అధికారులకు మన సంఘం ఇవ్వగల అర్జీల్లో అంతకంటే విలువైనది ఉండదు.

మా ఇల్లు ఇంకా పూర్తి కాలేదు. నాలుగడుగుల ఎత్తున పునాది లేపి, ఒక గది మీద స్లాబు వేశాం. గోడలకు ఇంకా పూత లేదు, కిటికీకి గోనెపట్టా కట్టాం. మెట్లు మాత్రం అయిపోయాయి. మామ్మ రోజూ సాయంత్రం వాటి మీద కూర్చుని లెక్కపెడుతుంది. పధ్నాలుగు.