రాజుల తోటల్లో పరుగు, మనకి రోడ్డు అంచు

హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం చుట్టూ ఐదారు కిలోమీటర్ల నడకదారి ఉంది. లోపల నెమళ్ళు, బండరాళ్ళు, చెట్లు, మధ్యలో చిరాన్ ప్యాలెస్. ఏడో నిజాం మనవడు ముకరంజా భవనం అది. ఆయన ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. ఆ ఆవరణ 1998లో సుమారు 350 ఎకరాల జాతీయ వనమైంది. ఇప్పుడు పొద్దున్నే బూట్లు వేసుకుని వేలమంది అక్కడ నడుస్తారు, పరుగెత్తుతారు. ఆడవాళ్ళూ తక్కువేం కాదు. వనానికి పెట్టిన పేరు మన గుంటూరు జిల్లా మనిషిది, 1964 నుంచి 1971 దాకా ముఖ్యమంత్రిగా చేసినాయనది. ఆయన జిల్లా ఆడపిల్లలు పరుగెత్తాలంటే ఎక్కడికెళ్ళాలన్నదే నా ప్రశ్న.

రాజులు పోయారు, తోటలు ప్రజలవయ్యాయి అని సంతోషపడతాం. కానీ ప్రజలంటే ఎవరు? ఆ వనం లోపలికి టిక్కెట్టుంది, రోజూ వచ్చేవాళ్ళకి పాసులున్నాయి. చుట్టూ ఉన్నవి నగరంలోకెల్లా ఖరీదైన ఇళ్ళు. ఆ ఇళ్ళలో అంట్లు తోమే స్త్రీ తెల్లవారుజామున అదే గోడ పక్కనుంచి గబగబా నడిచిపోతుంది. ఆ నడకని ఎవరూ వ్యాయామం అనరు. పోనీ పాసున్న ఆడవాళ్ళకైనా భద్రత ఉందా అంటే, 2021 నవంబరులో ఒక రాత్రి ఆ బయటి దారి మీదే ఒక నటిని కొట్టి ఫోను లాక్కుపోయారు. ఆ వేళప్పుడు ఒంటరిగా ఎందుకెళ్ళిందనే మాట ఇలాంటి ప్రతి ఘటన తర్వాతా వినేదే. దీపాలు ఎందుకు సరిగా లేవని అడిగే గొంతు అంత త్వరగా లేవదు.

2016లో ఆ వనం చుట్టూ ఫ్లైఓవర్లు కట్టటానికి చెట్లు కొట్టాలన్నప్పుడు నడవటానికి వచ్చేవాళ్ళే రోడ్డు మీదికొచ్చారు, హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. మంచి పని చేశారు. చోటు అంటూ ఒకటి ఉంటే దాన్ని కాపాడుకోవటానికి మనుషులు పుడతారు. చోటే లేనివాళ్ళు దేన్ని కాపాడుకుంటారు?

లండన్‌లో 2008 నుంచి ఏటా రాజవంశపు తోటల మీదుగా 21 కిలోమీటర్ల పరుగు జరుగుతోంది. ఆ దారిలో వచ్చే హైడ్ పార్కు ఎనిమిదో హెన్రీ రాజు వేట కోసం ఉంచుకున్న అడవి. పదిహేడో శతాబ్దంలో జనాన్ని రానిచ్చారుగానీ, అక్కడ సభ పెట్టుకునే హక్కు మాత్రం ఎవరూ దానమివ్వలేదు. 1866లో ఓటుహక్కు అడిగిన కార్మికులకి గేట్లు మూస్తే, వాళ్ళు ఇనుప కంచె పీకి లోపలికి పోయారు. 1908 జూన్ 21న ఓటు కోసం స్త్రీలు ఏడు ఊరేగింపులుగా నగరం నలుమూలల నుంచీ బయల్దేరి అదే పార్కులో కలిశారు. ఆనాడు చేరిన జనాన్ని లక్షల్లో లెక్కకట్టారు. ఇవాళ చెవులకి పాటల తీగలు తగిలించుకుని ఆ గడ్డి పక్కన పరుగెత్తే అమ్మాయిలకి ఆ సంగతి ఎంతవరకు తెలుసో గానీ, ఆ దారి వేసిన పాదాలు అవి.

పరుగు కూడా మనకి తేరగా రాలేదు. 1928 ఒలింపిక్స్‌లో స్త్రీలు 800 మీటర్లు పరుగెత్తి అలసిపోయారనే వంకతో ఆ పందేన్ని 1960 దాకా ఎత్తేశారు. మగవాళ్ళు అలసిపోతే అది శ్రమ, మనం అలసిపోతే బలహీనత! 1967లో బోస్టన్ మారథాన్‌లో నంబరు కట్టుకుని పరుగెత్తుతున్న కాథరిన్ స్విట్జర్‌ని ఒక నిర్వాహకుడు పట్టుకుని బయటికి లాగబోయాడు. ఆమె ఆగలేదు, పూర్తిచేసింది. ఒలింపిక్స్‌లో స్త్రీల మారథాన్ 1984కి గాని రాలేదు.

ఇక మన నల్లపాడు. 2012లో గుంటూరు కార్పొరేషన్‌లో కలిసింది, నగరమనే పేరొచ్చింది. మిరప సీజన్లో నరసరావుపేట రోడ్డు మీద టిక్కీలు నింపుకున్న లారీలు తెల్లారకముందే మొదలవుతాయి. ఆ రోడ్డు అంచున, మసక చీకట్లో, చున్నీ నడుముకి బిగించి పరుగెత్తే ఆడపిల్లల్ని చూస్తుంటాం. వాళ్ళు ఆరోగ్యం కోసం రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో కానిస్టేబుల్ ఉద్యోగం కావాలంటే 1600 మీటర్లు పరుగెత్తాలి. 2022 నవంబరులో 6100 పోస్టులకి ప్రకటన వచ్చింది. రాతపరీక్ష 2023 జనవరిలో అయింది. దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు చివరికి గాని మొదలవలేదు. అంటే దాదాపు రెండేళ్ళు ఆ పిల్లలు ఒంట్లో పట్టు తగ్గకుండా పరుగెత్తుతూ ఉండాలి. ఇంట్లో పెళ్ళి సంబంధాలని ఆపుకుంటూ, పగలు కూలికో దుకాణానికో పోతూ, వెనకాల సైకిలు మీద తమ్ముణ్ణో నాన్ననో తోడు పెట్టుకుని. తోడు దొరకని రోజు పరుగు లేదు. రేపు మనకి రక్షణ ఇవ్వాల్సిన పోలీసమ్మ ఇవాళ తనకి రక్షణ లేక ప్రాక్టీసు మానేస్తుందన్నమాట.

కూలిరేట్లు, భూమి, సారా, కట్నాల చావులు ఉండగా ఈ పరుగు గోలేమిటని మన సమావేశాల్లోనే అడిగేవాళ్ళున్నారు. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి, తొడిమలు తీసి, చేతులు మండిపోతూ ఇంటికొచ్చే స్త్రీకి పరుగెందుకు, మంచం కావాలిగాని అంటారు. నిజమే. ఆమెకి మంచమూ కావాలి. అయితే ఆమె కూతురికి మైదానం కావాలని ఆమే చెబుతుంది, మనం అడిగితే. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా పోరాటంలో స్త్రీలు రాత్రిపూట దారులు కాసినప్పుడు ఇదేం వేళ అని ఎవరూ నిలదీయలేకపోయారు. కారణం గట్టిది కాబట్టి. మనం బయట కనిపించాలంటే ఎప్పుడూ చేతిలో ఒక కారణం ఉండాలి, సంచో బిందెో బిడ్డో ఉండాలి. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే ముంబై మీద 2011లో రాసిన ‘వై లాయిటర్?’ పుస్తకం పట్టుకున్నది ఈ విషయాన్నే. పనిలేకుండా వీధిలో ఉండే హక్కు కూడా హక్కేనని వాళ్ళ వాదన. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీలకి బస్సు ఉచితమైంది. ఆస్పత్రికీ పనికీ పుట్టింటికీ వెళ్ళటం తేలికైంది. బస్సు దిగాక ఊరికే ఒక గంట నడవటానికి చోటు మాత్రం ఆ పథకంలో లేదు.

కొండవీడు ఉంది కదా అనొచ్చు. రెడ్డిరాజుల కోట, కొండమీద చెరువులు, ఘాట్ రోడ్డు, నగరవనం. బాగుంటుంది, ఆదివారం కారులో వెళ్ళేవాళ్ళకి. తెల్లవారుజామున ఐదింటికి నల్లపాడు పిల్ల అక్కడికెలా వెళుతుంది?

మాకు రాజుగారి తోట అక్కర్లేదు. మైదానాలు ఎక్కువగా బడుల, కాలేజీల గోడల లోపల ఉన్నాయి. వాటిలో ప్రభుత్వానివైనా పొద్దున ఐదు నుంచి ఏడు దాకా ఆడపిల్లలకి తెరవమని అడుగుదాం. టిక్కెట్టు పెట్టకూడదు. రెండు దీపాలు వెలగాలి, మరుగుదొడ్డికి నీళ్ళుండాలి. నెలసరి రోజుల్లో పరుగెత్తే పిల్లకి దీపంకన్నా ముందు అదే కావాలి. కాపలాకి మనిషిని పెడితే స్త్రీనే పెట్టి జీతమివ్వాలి, డ్వాక్రా సంఘాల నెత్తిన సేవ పేరుతో రుద్దకూడదు. ఈ అర్జీతో కార్పొరేషన్‌కి వెళ్ళేముందు ప్రతి వార్డులో మన కార్యకర్తలు ఒక పని చెయ్యాలి. ఆ బడి గేటు తాళంచెవి రాత్రిళ్ళు, సెలవు రోజుల్లో ఎవరి దగ్గరుంటుందో కనుక్కుని రాసుకు రావాలి.