రెండవ మాడ్యూల్ పని చేస్తుందా? నారాయణఖేడ్ వంటి దూర ప్రాంతాలకు నెట్‌వర్క్ భద్రత

నారాయణఖేడ్: వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను, మ్యుటేషను 2020 అక్టోబరు 29న ధరణి ప్రారంభమైనప్పటి నుంచి తహసీల్దారు కార్యాలయాలలోనే జరుగుతున్నాయి. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చిన తరువాత కూడా ఈ ఏర్పాటు కొనసాగింది. అందువలన రాజధానిలోని కేంద్ర స్విచ్ ఆగితే సంగారెడ్డి జిల్లా చివర, కర్ణాటక సరిహద్దున ఉన్న నారాయణఖేడ్ డివిజనులోనూ పని ఆగుతుంది. స్లాటు తీసుకొని సాక్షులతో సహా వచ్చిన రైతు మరొక రోజు రావలసి ఉంటుంది.

ఈ ప్రమాదాన్ని నివారించేందుకే పెద్ద స్విచ్‌లలో రెండు మేనేజ్‌మెంట్ మాడ్యూళ్లను అమర్చుతారు. సమాచారాన్ని ఒక పోర్టు నుంచి మరొక పోర్టుకు చేరవేసేవి లైన్ కార్డులు. ఏది ఎటు వెళ్లాలో నిర్ణయించేది మేనేజ్‌మెంట్ మాడ్యూల్. రెండింటిలో ఒకటి విధులు నిర్వహిస్తుండగా రెండవది స్టాండ్‌బైగా ఉండి, మొదటి దాని నుంచి క్రమం తప్పక అందే సంకేతాలను గమనిస్తుంటుంది. సంకేతాలు ఆగిన వెంటనే బాధ్యత స్వీకరిస్తుంది. దీనినే ఫెయిలోవర్ అంటారు.

అయితే టెండరు పత్రాలలో 'రెండు మాడ్యూళ్లు' అని వ్రాసినంత మాత్రాన ఏ రకం ఫెయిలోవర్ లభిస్తుందో తెలియదు. స్టాండ్‌బై మాడ్యూల్ అప్పుడే బూట్ కావలసిన పద్ధతిలో సేవలు కొన్ని నిమిషాలు ఆగుతాయి. ముందే బూట్ అయి ఉన్నా, తాజా స్థితి దాని వద్ద లేకపోతే పోర్టులు మళ్లీ మొదటి నుంచి తెరుచుకోవాలి. స్థితి ఎప్పటికప్పుడు నకలు అవుతున్నప్పుడే మార్పు ఒకటి రెండు సెకన్లలోపు ముగుస్తుంది. ఆ వ్యవధిలో లైన్ కార్డులు పాత పట్టిక ప్రకారమే పని సాగిస్తాయి. పొరుగు రౌటర్లు కూడా కొంతసేపు ఓపిక పట్టాలి. ఓఎస్‌పీఎఫ్‌కు 2003లో, బీజీపీకి 2007లో రూపొందిన గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్ ప్రమాణాల ఉద్దేశం ఇదే. ఈ మూడు పద్ధతుల ధరలు వేరు, ఫలితాలు వేరు. టెండరు నిబంధన మాత్రం మూడింటితోనూ నెరవేరినట్లే కనిపిస్తుంది.

రెండు మాడ్యూళ్లలో సాఫ్ట్‌వేర్ వెర్షన్లు వేరైతే, మేలైన పద్ధతి కోసం కొన్న పరికరం కూడా తక్కువ పద్ధతికి దిగజారవచ్చు. వెర్షను ఒకటే అయినా, అందులోని దోషం రెండింటికీ ఉమ్మడి దోషమే. 1996 జూన్ 4న ఏరియన్-5 రాకెట్ మొదటి ప్రయోగంలో జరిగినది ఇదే. ఒకే సాఫ్ట్‌వేర్‌తో నడిచిన రెండు దిశానిర్దేశ యూనిట్లలో స్టాండ్‌బై ముందుగా ఆగింది. సుమారు 50 మిల్లీసెకన్ల తరువాత అదే కారణంతో ప్రధాన యూనిట్ కూడా ఆగింది. సుమారు 40 సెకన్లకే రాకెట్ నాశనమైంది.

ఇక నారాయణఖేడ్ వైపు చూస్తే సమస్య మరొక రూపంలో కనిపిస్తుంది. 2005 మార్చిలో కేంద్రం 3,334 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదించిన రాష్ట్రవ్యాప్త నెట్‌వర్క్ పథకం రాజధాని నుంచి జిల్లాకు, జిల్లా నుంచి బ్లాకుకు కనీసం 2 ఎంబీపీఎస్ అనుసంధానాన్ని నిర్దేశించింది. చెట్టు కొమ్మల వంటి ఈ అమరికలో మొదలు వద్ద రెండు మాడ్యూళ్లు ఉండడం తప్పనిసరి. కాని జేసీబీ తవ్వకంలో చివరి కేబుల్ తెగితే ఆ మాడ్యూళ్లు చేయగలిగినది ఏమీ లేదు. 2023లో సవరించిన భారత్‌నెట్ కార్యక్రమం గ్రామ పంచాయతీలకు రింగ్ పద్ధతిని ఎంచుకున్నది ఇందుకే. మండల కార్యాలయంలోని చిన్న స్విచ్‌కు రెండవ మాడ్యూల్ అమర్చే వీలు సాధారణంగా ఉండదు. అక్కడ రెండవ మార్గం, బీరువాలో ఒక విడి స్విచ్, సక్రమంగా పని చేసే యూపీఎస్ బ్యాటరీలు ఎక్కువ ఉపయోగకరం.

కేంద్ర పరికరాలను స్వీకరించే సమయంలో అధికారులు పరీక్షను కాగితంపై ముగించరాదు. పూర్తి రద్దీ ఉండగా పని చేస్తున్న మాడ్యూల్‌ను బయటికి లాగించి, ఎన్ని ప్యాకెట్లు పోయాయో, నడుస్తున్న లావాదేవీ పూర్తయిందో లేదో చూడాలి. తరువాత రెండవ దానితోనూ అదే చేయించాలి. సాఫ్ట్‌వేర్ మార్చిన ప్రతిసారి ఈ పరీక్ష అవసరమే.

ఫెయిలోవర్ విజయవంతమైన రోజున మరొక చిక్కు ఉంది. సేవలు ఆగవు కనుక ఫిర్యాదు రాదు. అలారం ఎవరికి చేరుతుందో, చెడిన మాడ్యూల్‌ను ఎన్ని గంటలలో మార్చాలో నిర్వహణ ఒప్పందంలో లేకపోతే, ఆనాటి నుంచి స్విచ్ ఒకే మాడ్యూల్‌పై నడుస్తుంటుంది.